అరవైకి ఒక్కసారి

నా సర్వీసు మొత్తంలో నాకు వచ్చిన మెమో ఒక్కటే. ఉపాధ్యాయ వృత్తికి తగని విధంగా బహిరంగ స్థలంలో పేకముక్కలు చేతబట్టినందుకు సంజాయిషీ ఇవ్వవలసిందని దాని సారాంశం. ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పాను. గంట కొట్టిన తర్వాత తరగతిలో అడుగుపెట్టిన రోజు లేదు. ఆ సంగతి ఎవరికీ గుర్తు లేదు. నాతో పనిచేసినవాళ్లు ఎక్కడ కనబడినా "ఏం పేక మేష్టారూ, బాగున్నారా?" అనే పలకరిస్తారు. ఈ మధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్ర ఉపాధ్యాయులు కూడా ఆ మాట విని నవ్వుతున్నారు. అందుకని అసలు జరిగిందేమిటో వాళ్ల కోసం రాస్తున్నాను. ఆనాడు బడిలో నన్ను చూసి నవ్వినవాళ్లలో ఇద్దరు ఇప్పుడు లేరు. లేనంతమాత్రాన వాళ్లు చేసింది ఒప్పయిపోదు.

అరవైల మొదట్లో నన్ను నాయుడుపేట నుంచి పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న ఒక బోర్డు హైస్కూలుకు బదిలీ చేశారు. నేను కోరుకున్నది కాదు. నా కుర్చీ మరొకరికి కావలసి వచ్చింది, అంతే. కొత్త హెడ్మాస్టరు గారు బడి వెనక ఉన్న గది నాకే ఇస్తానని ఉత్తరం రాశారు. నేను పెట్టె, చాప మోసుకుని దిగేసరికి ఆ గదిలో ఆయన బావమరిది పడుకుని ఉన్నాడు. "సర్దుకోవాలి మేష్టారూ" అన్నారు హెడ్మాస్టరు గారు. సర్దుకోవలసింది ఎప్పుడూ నేనే ఎందుకు కావాలో అప్పుడూ చెప్పలేదు, తర్వాతా చెప్పలేదు.

అలా నేను బడికి కొంత దూరంలో, సరస్సు మీద బతికే బెస్తవారి పాళెంలో ఒక ఇంటి ముందు గది అద్దెకు తీసుకున్నాను. మా ఇంటాయన మితభాషి. పొద్దున వల, తెడ్డు తీసుకుని పోతే మధ్యాహ్నానికి తిరిగొచ్చేవాడు. నేను చేప తిననని తెలిసి ఆయన భార్య నాకోసం వేరే పొయ్యి వేసి, వేరే నీళ్ల కుండ పెట్టింది. నా కుండ మీద మూత జారితే చాలు, పరుగెత్తుకొచ్చి సర్దేది. డిపార్టుమెంటు వాళ్లెవరూ నాకు అంత మర్యాద చేయలేదు.

ఇక్కడ ఒక పద్ధతి గురించి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. సముద్రం నీళ్లు సరస్సులోకి వచ్చే నోటిని అక్కడ మొగ అంటారు. సముద్రం నుంచి రొయ్య లోపలికి వచ్చేది అటే. వల కట్టుకునే ఒక్కో చోటును పాడు అంటారు. ఆ పాళెంలో హక్కుదార్ల ఇళ్లు పదమూడు, పాడులూ పదమూడే. మొగ దగ్గరి పాడు దొరికినవాడికి ఆ ఏడాది ఇల్లు గడవడం గురించి దిగులుండదు. చివరిది బురదపాడు. దానికి ఆ పేరు ఎందుకొచ్చిందో చెప్పనక్కర్లేదు. ఎవరికి ఏది రావాలన్నది ఏటేటా వానలకు ముందు చీటీ వేసి తేలుస్తారు. చీటీ అంటే కాగితం కాదు. ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు ఉంటుంది: చేప, లంగరు, మూడు గీతలు, ఇలా. ఎవరి గుర్తు వాళ్లు తాటాకు ముక్క మీద గీసి, చుట్టి, కొత్త కుండలో వేస్తారు. హక్కు లేని బయటివాడొకడు చెయ్యిపెట్టి ఒక్కొక్కటే తీయాలి. మొదటి ఆకు ఎవరిదైతే వాళ్లకు మొగ పాడు, రెండోది ఎవరిదైతే వాళ్లకు దాని పక్కది, అలా చివరిదాకా.

అంతకుముందు ఉప్పు కొఠారు గుమస్తా ఆకులు తీసేవాడట. ఆయనకు బదిలీ అయింది. ఆ ఏడు పెద్దకాపు, అంటే పాళెం పెద్ద, నా గదికి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"అయ్యోరా, నువ్వు మాలో వోడివి కాదు, మాకు పరాయి వోడివీ కాదు. ఆకు తీసి పెట్టబళ్ళా?"

నన్ను నమ్మి ఎవరైనా ఒక పని అప్పగించడం నా ఉద్యోగంలో అదే మొదలు. సంతోషంగా పోయాను. చొక్కా చెయ్యి మోచేతి పైకి మడిచి, అరచెయ్యి అందరికీ చూపించి, కుండలో పెట్టి ఒక ఆకు తీశాను. విప్పితే మూడు గీతలు. మా ఇంటాయన గుర్తు.

నిరుడు గుమస్తా తీసినప్పుడు కూడా మొగ పాడు ఆయనకే వచ్చింది.

మా ఇంటాయన ఆకు వైపు చూశాడే గాని చెయ్యి చాపలేదు. ఆయనకు వరసకు తమ్ముడయ్యే ఒకడు, చిన్నాయన కొడుకు, గుంపులోంచి ముందుకు వచ్చాడు.

"ఏమబ్బా, చిత్రంగా ఉండాదే! అయ్యోరు ఎవురింట్లో కాపరం ఉండాడో ఆ ఇంటి ఆకే చేతికి తగిలిందే!"

మిగతా పన్నెండు ఆకులూ తీశాను. ఎవరూ వాటిని పట్టించుకోలేదు. ఆ సాయంత్రానికే నేను రొయ్యలకు అమ్ముడుపోయానని పాళెమంతా పాకింది. నేను చేపే ముట్టనని అందరికీ తెలుసు. దానికీ ఒక జవాబు తయారు చేశారు: "తినడు గాని, అమ్ముకుంటాడంట." ఎవరికి అమ్ముతాను? బడిలో పిల్లలకా? ఈ ప్రశ్న నేను చాలామందిని అడిగాను.

పెద్దకాపు ఊరి కూటం పెడతానన్నాడు. నిజంగా మోసమని తేలితే మా ఇంటాయన ఆకును కుండలోంచి తీసేయాలన్నది తమ్ముడి పట్టు. దాని అర్థం మీకు విడమరిచి చెబుతాను. ఆకు తీసేస్తే ఆ ఇంటికి ఈ ఏడు పాడు ఉండదు. మళ్లీ వేయాలంటే తక్కిన పన్నెండు ఇళ్లూ ఒప్పుకోవాలి. పన్నెండు ఇళ్లు ఒక మాట మీదికి రావడం ఆ పాళెంలో ఎవరూ చూడలేదు. అంటే ఆయన ఇకమీదట ఇంకొకరి పడవ మీద కూలికి పోవాలి. ఆ రాత్రి ఆయన భార్య నా కుండలో నీళ్లు పోస్తూ ఒక్క మాటంది. "మీరు ఇంకో ఇంట్లో దిగుండకూడదా అయ్యోరా!" తిట్టినా అంత బాధ కలిగేది కాదు.

ఇక డ్రిల్ మేష్టారు గురించి చెప్పాలి. పట్టాళంలో పనిచేసి వచ్చినవాడు, మీసం ఉన్నవాడు. పేకతో ఒక గారడీ చేసేవాడు. పేక బాగా కలపమంటాడు. తర్వాత ఒక్కొక్క ముక్కే తిప్పుతూ, తిప్పినదానికల్లా వరసగా ఒక పేరు చెబుతాడు: ఆసు, రెండు, మూడు, అలా పదిదాకా, ఆ పైన జాకీ, రాణి, రాజు. రాజు తర్వాత మళ్లీ ఆసు నుంచి మొదలు. రంగుతో పని లేదు. ఎక్కడో ఒకచోట ఆయన నోటి మాట, చేతి ముక్క ఒకటవుతాయి. "అయిదు" అంటాడు, అయిదే పడుతుంది. ఒక్కటి కూడా కలవకుండా పేక అయిపోతే తాను టీ ఇప్పిస్తానని, కలిస్తే తనకు టీ ఇప్పించాలని పందెం. ఆయన సొంత డబ్బుతో టీ తాగడం నేను చూడలేదు. బర్మాలో ఒక సాధువు నేర్పిన మంత్రం అనేవాడు. పేక మీద ఊదేవాడు కూడా.

నేను రెండుసార్లు టీ ఇప్పించి, మూడోసారి కాగితం తీసుకున్నాను. మీకిప్పుడు సంభావ్యత అని ఒక పాఠం ఉంది. మా కాలంలో బడిలో అది లేదు. కాని లెక్క కష్టమైనది కాదు. పేర్లు పదమూడు. కాబట్టి ఏ ఒక్క ముక్కయినా చెప్పిన పేరుతో కలవడానికి పదమూడింట ఒక వంతే అవకాశం. కలవకపోవడానికి పన్నెండు వంతులు. ఒక్క ముక్కే తిప్పితే ఆయన దాదాపు ఎప్పుడూ ఓడిపోతాడు. కాని ఆయన ఒక్క ముక్కతో ఆపడు. పేకంతా తిప్పుతాడు. గెలవాలంటే ఒక్కటి కలిస్తే చాలు, ఓడాలంటే ప్రతి ముక్కా తప్పాలి. ప్రతి ముక్కా తప్పడానికి పన్నెండు బై పదమూడును ముక్కకొకసారి చొప్పున, యాభై రెండుసార్లు గుణించుకుంటూ పోవాలి. లాగరిథం పట్టికలు ముందేసుకుని చేశాను. తొమ్మిదో ముక్క దాటేసరికే ఆయన గెలిచే అవకాశం సగానికి మించుతుంది. పేక చివరికి వచ్చేసరికి, ఒక్కటీ కలవకుండా పోయేది సుమారు అరవైకి ఒక్కసారి. ఒక ముక్క బయటపడితే మిగిలినవాటి వాటా కొద్దిగా మారుతుంది, నిజమే. దానివల్ల జవాబు పెద్దగా కదలదు. అదీ చూశాను.

కాగితం తీసుకెళ్లి స్టాఫ్ రూములో అందరి ముందూ చదివాను. "మంత్రమూ లేదు, సాధువూ లేదు. మీరు అరవైసార్లు ఆడితే యాభై తొమ్మిది టీలు మీవి, ఒకటి మాది" అన్నాను. డ్రిల్ మేష్టారు మీసం దువ్వుకుని, "మీకు టీ పోయిందని ఏడుపు" అన్నాడు. అందరూ నవ్వారు. హెడ్మాస్టరు గారు కూడా నవ్వారు. ఆ రోజు నుంచి డ్రిల్ మేష్టారు నాతో అవసరమైతేనే మాట్లాడేవాడు. నిజం చెప్పినందుకు మాట్లాడడం మానేసినవాళ్లు నాకు చాలామంది ఉన్నారు. ఆయన వాళ్లలో మొదటివాడు కాదు.

కూటం మాట వినగానే నాకు ఈ లెక్క గుర్తుకొచ్చింది. పదమూడు ఇళ్లు, పదమూడు పేర్లు. ఒక ఏటి మొగ పాడు నిరుటి ఇంటికే మళ్లీ రావడం పదమూడింట ఒక వంతు. ఒక్క ఏడు చూస్తే అరుదే. కాని పెద్దకాపు వయసు అరవైకి దగ్గర. ఊహ తెలిసిన దగ్గర్నుంచి ఆయన చూసిన ఏళ్లన్నీ పేకముక్కల్లా పరిస్తే, అందులో ఒక్కసారి కూడా ఇలా జరగకపోతేనే వింత. పేకాటలో ఒక్కటన్నా కలవకపోవడం ఎంత వింతో అంత వింత. ఇంతకంటే చక్కని ఉదాహరణ దొరకదనిపించింది. పేక తిప్పి చూపిస్తే పసివాడికైనా అర్థమవుతుంది అనుకున్నాను.

పేక ఎవరి దగ్గరుంది? డ్రిల్ మేష్టారి దగ్గరే. అడిగాను. ఎందుకని అడిగాడు. చెప్పాను. ఆయన ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, పెట్టెలోంచి నలిగిన పేక తీసి ఇచ్చాడు. "మంచి ఆలోచన మేష్టారూ, తప్పకుండా చూపించండి" అన్నాడు. ఆ మర్యాదకే నేను అనుమానపడి ఉండాలి.

కూటం వలలు ఆరబెట్టే పాకలో, పడవలు తిరిగొచ్చిన తర్వాత మధ్యాహ్నం పూట. మగవాళ్లు ఇసుకలో కూర్చున్నారు. ఆడవాళ్లు పాక గుంజల దగ్గర నిలబడ్డారు. మా ఇంటాయన ఒక పక్కన ఒంటరిగా కూర్చుని, తెగిన వల దారాన్ని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉన్నాడు. నేను ముందు నోటితోనే చెప్పాను. పదమూడు ఇళ్లు, ఇన్ని ఏళ్లు, ఎప్పుడో ఒకప్పుడు జరగక తప్పదు అని. ఎవరికీ ఎక్కలేదు.

"చూపిస్తాను" అని సంచీలోంచి పేక బయటికి తీశాను.

పాకంతా ఒక్కసారిగా గొల్లుమంది. పెద్దకాపు చెయ్యెత్తి అందర్నీ ఆపాడు.

"అయ్యోరా, ఈ పాళెంలో పేక మింద దురాయి ఉండాది. తెలవదా నీకు?"

దురాయి అంటే ఊరంతా కట్టుబడి ఉండవలసిన ఆంక్ష. కొన్నేళ్ల కిందట ఎవరో పేకాటలో పడవ పోగొట్టుకున్నారట. అప్పటి నుంచి పాళెంలో పేకముక్క కనబడడానికి లేదు. నాకు తెలియదు. డ్రిల్ మేష్టారికి తెలుసు. ఆయన ఆ ఊళ్లో ఆరేళ్లుగా ఉంటున్నాడు. తర్వాత నిలదీస్తే, "మీరు అడిగింది పేక, దురాయి గురించి అడగలేదు" అన్నాడు. ఈ మాట నేను ఇప్పటికీ మరచిపోలేదు. మరచిపోయే ఉద్దేశం కూడా లేదు.

"ఇది ఆట కాదు, లెక్క" అన్నాను. పెద్దకాపు ఆలోచించి, "సరే, సూపించు. పందెం మాత్రం లేదు" అన్నాడు.

పేక కలిపి, ఒక్కొక్క ముక్కే ఇసుకలో పరిచిన గోనెపట్టా మీద వేస్తూ పేర్లు చెప్పసాగాను. ఆసు అన్నాను, తొమ్మిది పడింది. రెండు అన్నాను, రాణి. అలా ఏడు అన్నాను. కళావరు ఏడు పడింది.

నేను గర్వంగా తలెత్తాను. నా జీవితంలో అంత తెలివితక్కువ గర్వం ఇంకోటి లేదు.

"సూసినారా!" అంటూ తమ్ముడు లేచి నిలబడ్డాడు. "ఏడు అని చెప్పి ఏడే తీసినాడు! నోటితో చెప్పి చేత్తో తీసేటోడికి మా అన్న ఆకు తియ్యడం ఒక లెక్కా?"

"అదే గదా!" అని వెనక నుంచి ఎవరో అందుకున్నారు. "కుండ మీద గుడ్డ కప్పినా తీస్తాడు అయ్యోరు."

"చేతిలో మహిమ ఉండాదబ్బా."

మా ఇంటాయన తల ఇంకా కిందికి దించాడు. ఆయనను కాపాడడానికి తెచ్చిన పేక ఆయన మెడకే చుట్టుకుంది. గారడీ కాదని చూపించడానికి గారడీవాడు చేసేదే చేశాను. నాకెందుకు ముందే తట్టలేదో నేటికీ నాకు తెలియదు. పక్కన బోర్లించి ఉన్న పడవ మీద బొగ్గుతో పన్నెండు, కింద గీత, పదమూడు వేసి చెప్పడం మొదలుపెట్టాను. గొంతు పెద్దదైంది. తరగతిలో అర్థంకాని పిల్లవాడికి చెప్పినట్టు చెబుతున్నానని నాకే తెలుస్తోంది.

పెద్దకాపు ఆ అంకెల వైపు చూసి, "పన్నెండిళ్లు ఒక పక్క, ఒక ఇల్లు ఒక పక్క. అంతవరకు అర్థమైనాది అయ్యోరా" అన్నాడు. నవ్వులు.

"మీ కాలంలో మొగ పాడు వరసగా ఒకే ఇంటికి ఎప్పుడూ రాలేదా?" అని అడిగాను.

"రాలా" అన్నాడు తమ్ముడు, ఆయనను చెప్పనివ్వకుండా. "ఏ పాడైనా సరే, నిరుడొచ్చినోడికి మళ్లా రావడం మేము సూళ్ళా."

అప్పుడు గుంజ దగ్గర నుంచి ఒక ఆడమనిషి గొంతు వినబడింది. వెనకటి ఏళ్లలో బురదపాడు వచ్చిన ఇంటి ఇల్లాలు. నడుం మీద గంప పెట్టుకుని నిలబడి ఉంది.

"యాడ సూస్తావులే నువ్వు! మాకు ముందేడూ, ఆ ముందేడూ బురదపాడే గదా వచ్చింది? రెండేళ్లు రొయ్యకు బదులు బురద మోసినాము. అప్పుడెవురన్నా కూటం పెట్టినారా? అయ్యో, పాపం, ఈళ్లకెట్ట రెండు తూర్లు వచ్చిందని ఒకరన్నా అడిగినారా? మొగ పాడు వస్తేనే మోసమా? బురద వస్తే దేవుడిచ్చిందా?"

"నువ్వు ఊరుకో వదినా" అన్నాడు తమ్ముడు.

"నేనెందుకు ఊరుకుంటా? రెండేళ్లు ఊరుకున్నా గదా!"

నేను ఆమెకు దణ్ణం పెట్టాలనుకున్నాను. ఎవరూ పట్టించుకోని అన్యాయాన్ని గుర్తు పెట్టుకునేవాళ్ల మీద నాకు మొదటి నుంచి గౌరవం. ఆమె చెప్పింది నా లెక్కకు అసలు ప్రాణం. పదమూడు పాడుల్లో ఏదో ఒకటి నిరుటి వాళ్లకే మళ్లీ రావడం మూడేళ్లకు దాదాపు రెండేళ్లు జరుగుతూనే ఉంటుంది. మొగ దగ్గర జరిగినప్పుడే జనానికి కనబడుతుంది. ఇదే చెప్పాను. కాని ఈ లోపల గుంపు మళ్లీ పేక మీదికే పోయింది. ఏడు అంటే ఏడు ఎట్ట పడింది, అదొక్కటే వాళ్లకు కావాలి.

"సరే" అన్నాను పౌరుషంగా. "నేను పేక ముట్టుకోను. పెద్దకాపే కలపనీ, ఆయనే తిప్పనీ. నేను నోటితో పేర్లు చెబుతాను. అప్పుడు కూడా కలుస్తుంది. చేతిలో మహిమ ఉందో లేదో మీరే చూసుకోండి."

మా ఇంటాయన మొదటిసారి నోరు విప్పాడు. "వద్దు అయ్యోరా" అన్నాడు. నేను వినలేదు.

పెద్దకాపు పేక అందుకుని కలిపాడు. దురాయి వేసిన చేతులు అంత నేర్పుగా పేక కలుపుతాయని నేను అనుకోలేదు. ముక్కలు చేపపిల్లల్లా ఒకదానిలోంచి ఒకటి జారాయి. ఆ సంగతి ఎవరూ పైకి అనలేదు.

ఆయన తిప్పసాగాడు. నేను చెప్పసాగాను. ఆసు అన్నాను, జాకీ. రెండు అన్నాను, పది. మొదటి చుట్టు అయిపోయింది, కలవలేదు. పరవాలేదు. రెండో చుట్టులో రాణి అన్నాను, రాజు పడింది. రాజు అన్నాను, రాణి పడింది. ఎవరో "అయ్యోరు మొగుడూ పెళ్లాల్ని తారుమారు చేసినాడు" అన్నారు. నవ్వారు. మూడో చుట్టూ అలాగే పోయింది. నాలుగో చుట్టు వచ్చేసరికి వెనకవాళ్లు కూడా లేచి వచ్చి చుట్టూ మూగి, నాతోపాటు పేర్లు చెబుతున్నారు. "ఎనిమిది!" అంటే మూడు. "తొమ్మిది!" అంటే ఆసు. నేను లోపల లెక్క వేసుకుంటూనే ఉన్నాను. ఇంకా ఇన్ని ముక్కలున్నాయి, ఇంకా అవకాశం ఉంది. చివరి ముక్కకు అందరూ ఒక్క గొంతుతో "రాజు!" అని అరిచారు. పెద్దకాపు తిప్పాడు. ఆఠీను రెండు.

మొత్తం పేకలో ఒక్కటీ కలవలేదు.

పాక ఎగిరిపోయేలా నవ్వారు. ఇసుకలో పడి దొర్లినవాళ్లున్నారు. బురదపాడు ఇల్లాలు కూడా గంప కింద పెట్టి నవ్వింది. నా చెవులు కాలిపోయాయి. సుమారు అరవైకి ఒక్కసారి వచ్చేది, సరిగ్గా ఆ రోజు, ఆ పాకలో వచ్చింది.

నవ్వు తగ్గేదాకా పెద్దకాపు ఆగాడు. తర్వాత ముక్కలు పోగుచేసి నా చేతిలో పెట్టి, అందరివైపూ తిరిగాడు.

"సూసినారు గదా. అయ్యోరి చేతిలో ఏ మహిమా లేదు. ఉంటే ఇంతమంది ముందర పరువు పోగొట్టుకుంటాడా? ముందు ఏడు పడింది ఊరికే పడింది. ఆకు కూడా అట్టనే ఊరికే తగిలింది. ఆకు కుండలోనే ఉంటాది. మొగ పాడు ఎవురికి వచ్చిందో వాళ్లదే."

తమ్ముడు ఏదో అనబోయాడు. "నువ్వు కూసో" అన్నాడు పెద్దకాపు. అంతటితో తీర్పు అయిపోయింది.

నేను అక్కడితో ఊరుకోవలసింది. ఊరుకోలేకపోయాను. లేచి నిలబడి, "ఈ తీర్పు సరైనదే, కాని మీరు చెప్పిన కారణం తప్పు" అన్నాను. "పేక తప్పినందువల్ల ఏమీ రుజువు కాలేదు. కలిసి ఉన్నా ఏమీ రుజువయ్యేది కాదు. అసలు ఈ తప్పడం కూడా నా లెక్కలో ఉంది. అరవైకి..."

నా చొక్కా వెనక నుంచి ఎవరో లాగారు. మా ఇంటాయన భార్య.

"సామీ, దణ్ణం పెడతా, నోరు మూసుకోండి. బతికినాము గదా" అంది చిన్నగా.

నోరు మూసుకున్నాను. ఒప్పుకుని మాత్రం కాదు.

పేక తిరిగి ఇవ్వడానికి పోతే డ్రిల్ మేష్టారు అప్పటికే అంతా విని ఉన్నాడు. "మంత్రం లేకుండా చేస్తే అంతే మేష్టారూ" అన్నాడు. వారం తిరక్కుండా మెమో వచ్చింది. పేక ఎవరిదో అందులో లేదు. సంజాయిషీలో నేను లెక్కంతా రాసి, పట్టికలతో సహా జతచేశాను. హెడ్మాస్టరు గారు దాన్ని చదవకుండానే మడిచి, "క్షమించమని రెండు ముక్కలు రాసిస్తే పోయేదానికి ఇదంతా ఎందుకండీ?" అన్నారు. రాయలేదు. మెమో అలాగే ఉండిపోయింది. ఆ ఏడు బడి వార్షికోత్సవంలో డ్రిల్ మేష్టారు వేదిక మీద అదే గారడీ చేశాడు. కలిసింది. కలుస్తుంది, ఎందుకు కలవదు? చప్పట్లు కొట్టి, తువ్వాలు కప్పారు. తువ్వాలు కప్పింది హెడ్మాస్టరు గారు.

పాళెంలో మాత్రం మరుసటేడు ఆకులు తీయడానికి మళ్లీ నన్నే పిలిచారు. ఆ తర్వాత ఏడూ పిలిచారు. "ఆ మహిమ లేని అయ్యోరిని పిలవండి" అని పిలిచేవాళ్లు. నన్ను నమ్మడానికి వాళ్లకు దొరికిన కారణం అదొక్కటే. పోయేవాణ్ణి. చెయ్యి మోచేతి పైకి మడిచి, అరచెయ్యి చూపించి తీసేవాణ్ణి. చూపించడానికి ఏముందని అప్పుడు కూడా నవ్వేవాళ్లు. ఒక ఏడు తమ్ముడికే నిరుటి పాడు మళ్లీ వచ్చింది. మంచి పాడే. కూటం పెట్టాలని ఎవరికీ తోచలేదు. నేను ఆ సంగతి ఎత్తి చూపించాను. "ఊరికే తగిలింది అయ్యోరా" అన్నాడు వాడు.

తర్వాత నాకు సంగం వైపు బదిలీ అయింది. నేను కోరుకున్నది అదీ కాదు. వెళ్లే రోజు మా ఇంటాయన నా పెట్టె మోసుకుంటూ బస్సు దాకా వచ్చాడు. పెట్టె పైకి ఎక్కించి, దిగి, "ఆ పొద్దు మీరు ఓడబట్టే మా ఆకు నిలబడినాది" అన్నాడు. నేను ఓడలేదని చెప్పబోయాను. కాని ఆయన కళ్లు చెమ్మగిల్లి ఉన్నాయి.

బస్సు కదలబోతుండగా పెద్దకాపు వచ్చాడు. కిటికీ దగ్గరికి వచ్చి, పక్కనున్నవాళ్లకు వినబడకుండా గొంతు తగ్గించాడు.

"అయ్యోరా, ఇన్నేళ్లుగా ఒకటి అడగాలనుకుంటా ఉండా. ఆ పొద్దు పేక నేను కలిపినా, నేనే తిప్పినా. ఒక్కటంటే ఒక్కటి కలవకుండా పోవడం నేను నా వయసులో ఎప్పుడూ సూళ్ళా. నేనూ ఒకప్పుడు ఆడినోణ్ణే. నిజం చెప్పు. ఆణ్ణి కాపాడేదానికి నువ్వు కావాలనే ఓడినావు గదా?"

ఆయన కళ్లలో నా మీద అప్పటిదాకా ఎప్పుడూ చూడని గౌరవం కనబడింది. ఏమీ అనకుండా చిన్నగా నవ్వితే చాలు. ఆ పాళెంలో నా పేరు మారిపోయేది. ఇన్నేళ్ల నవ్వులకు బదులు తీరిపోయేది. అంత చిన్న నవ్వు కోసం నేను ఎన్నాళ్లు ఎదురుచూశానో చెప్పలేను.

కాని కావాలని ఓడాలంటే చేతిలో మహిమ ఉండాలి. మహిమ ఉన్న చెయ్యి ఆకు కూడా తీయగలదు. పెద్దకాపు వెనక, బస్సు నీడలో, మా ఇంటాయన నిలబడి నా వైపే చూస్తున్నాడు.

"లేదు" అన్నాను. "నాకు ఏ మహిమా లేదు. ఓడిపోయాను, అంతే."

పెద్దకాపు ముఖంలో ఆ గౌరవం ఆరిపోయింది. "సరేలే, పోయిరా అయ్యోరా" అని కిటికీ మీద చేత్తో తట్టాడు.

నా సర్వీసులో నేను ఒప్పుకోని తప్పులు చాలా నా మీద మోపారు. ఓడిపోయానని నా నోటితో నేను ఒప్పుకున్నది ఆ ఒక్కసారే, అది కూడా నిజం కాదు. అరవైకి ఒక్కసారి తప్పాలని నా లెక్కలో ఉంది. పేక తప్పింది. లెక్క తప్పలేదు.